సీతారావమ్మ వేసుకున్న పట్టు

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర ఎవరికి చీలమండ బెణికినా, మోచెయ్యి వాచినా డాక్టరు కంటే ముందు సీతారావమ్మ గుమ్మంలోకే వచ్చేవాళ్లు. సున్నంలో బెల్లం వేసి అరచేతిలో మెదిపి, అది వేడెక్కుతుండగానే వాపు మీద పట్టు వేసేది. ఎండి ఊడేదాకా కదలొద్దని కసిరేది. కూలీలు వదినా, పిన్నీ అంటూ వచ్చి ఆ కసురు కూడా భరించి పోయేవాళ్లు.

బొల్లాపల్లి నుంచి కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆమెకు తెలిసిన పని ఒక్కటే. బట్టీ లోంచి లాగిన కాలిన రాయి మీద నీళ్లు చల్లడం, అది విచ్చి పొడైతే జల్లించి బస్తాలకెత్తడం. మొగుడు చిన్నకోటయ్య పోయాక కూడా మానలేదు. పోయిన ఎండాకాలం గంప ఎత్తబోయి కళ్లు తిరిగి పడింది. వడదెబ్బ అన్నారు. వానలు మొదలయ్యాక కూడా మళ్లీ అట్లాగే పడిపోతే కొడుకు నరేంద్ర గుంటూరు తీసుకుపోయాడు. గుండె మరీ నిదానంగా కొట్టుకుంటోందని, ఎడమ భుజం కింద చర్మం లోపల పేస్‌మేకర్ మిషను పెట్టి పంపారు. ఎడమ చెయ్యి పైకెత్తొద్దన్నారు. గాయం మీద ఏమీ రాయొద్దన్నారు. వాస్తే వెంటనే రమ్మన్నారు.

వాచింది. కుట్లు ఆరాయి గానీ మిషను చుట్టూ మెత్తగా ఉబ్బి, వేలు పెడితే లోపల నీళ్లున్నట్టు కదిలేది. సీతారావమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ గుంటూరు బస్సు, మళ్లీ చీటీ, మళ్లీ వరండాలో పడిగాపులు. నరేంద్ర లారీ మీద ఒరిస్సా వైపు పోయాడు. కోడలు ప్రసన్నలక్ష్మి ఆస్పత్రిలో బెంచీ కింద పడుకుని పడుకుని వచ్చింది, ఇంకా దాని మొహం తేరుకోలేదు. ఇంతమంది వాపులు దించినదాన్ని, నాది నేను దించుకోలేనా అనుకుంది.

కోడలు మిల్లు పనికెళ్లాక పట్టు వేసుకుని, పైట కప్పుకుని కూర్చునేది. మొదట చురుక్కుమంది. పని చేస్తోందనుకుంది. తర్వాత మంటెత్తింది. అప్పుడైనా ఆగకుండా, చాలడం లేదేమోనని ఇంకాస్త చిక్కగా కలిపింది. వాపు అట్లాగే ఉంది.

ఒకరోజు తలకు నీళ్లు పోద్దామని ప్రసన్నలక్ష్మి అత్త రవిక విప్పబోతే అది పట్టుకు అంటుకుని ఊడి రాలేదు. తడిపి తడిపి తీసింది. కింద చర్మం కాలి, పగిలి, రసి కారుతోంది.

"ఏంది అత్తా ఇది?"

"పట్టు."

"దేనికి పట్టు? లోపలుంది బెణికిన కాలా?"

"నీకు చెబితే మళ్లీ ఆ బెంచీ కింద పడుకోవాల గదే" అంది సీతారావమ్మ.

"చానా బాగా తప్పించావులే" అంది కోడలు. అప్పటికే సంచిలో దుప్పటి సర్దుతోంది.

గుంటూరులో డాక్టరు గుడ్డ ఎత్తి చూసి, ఏం రాశారని అడిగాడు. ఏదో ఆయింట్‌మెంటని ప్రసన్నలక్ష్మి నసుగుతుంటే సీతారావమ్మ అడ్డం వచ్చింది.

"సున్నం, బెల్లం సారూ. నేనే వేసుకున్నా."

తిడతాడనుకుంది. తిట్టలేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది. మిషను చుట్టూ రక్తం, నీరు చేరడం కొందరికి జరిగేదేనని, అందులో ఆమె తప్పేమీ లేదని చెప్పాడు. ముందే వచ్చి ఉంటే చాలామందికి లాగే కట్టు కట్టి కనిపెట్టుకుని ఉండేవాళ్లమని, లోపల చీము పడుతుందన్న భయంతో ఆ నీరు తియ్యడానికి తాము సూది కూడా గుచ్చబోమని అన్నాడు. ఇప్పుడు చర్మం తెగింది, చీము మిషను దాకా పోయింది. మిషనూ, దాని వైరూ తీసెయ్యాలి. చీము పూర్తిగా పోయేదాకా మెడలోంచి వేరే వైరు వేసి బయట మిషనుతో గుండెను నడిపిస్తారు. మంచం దిగడానికి లేదు. ఆ తర్వాత కుడివైపు కొత్తది.

"కడిగి, ఉన్నదాన్నే ఉంచితే కుదరదా?" అంది సీతారావమ్మ.

"కుదరదమ్మా. అది లోపలున్నంతకాలం చీము తగ్గదు. రక్తంలోకి పోతే ప్రాణానికే ముప్పు."

ఆమె లెక్క వేసుకోవడానికి కూడా ఓపిక లేనట్టు కాసేపు గోడకు తల ఆనించింది. పడినదీ, కోసినదీ, ఓర్చుకున్నదీ అన్నీ మళ్లీ మొదటినుంచి. ఈసారి కాలిన చర్మంతో.

"తీసెయ్యండి సారూ" అంది.

ప్రసన్నలక్ష్మి వరండాలో అత్త పక్కనే నిలబడి నరేంద్రకు ఫోన్ చేసింది. వాపు వచ్చిందని, లోపల చీము పట్టిందని, మిషను మారుస్తారని చెప్పింది. అవతల అతను ఎట్లా పట్టిందని గట్టిగా అడగడం సీతారావమ్మకు వినపడింది. కొందరికి అవుతుందంట అని కోడలు ఫోన్ పెట్టేసింది.

"సున్నం సంగతి చెప్పలేదేమే?"

"లారీ తోలుతున్నాడు గదా."

స్ట్రెచరు తెస్తానని పోయిన ఆయా ఇంకా రాలేదు. ఇద్దరూ ఆ దారి వైపే చూస్తూ కూర్చున్నారు.