ముందు ఎండిన చేను

మిరప చేలకు తెగులు వస్తే మా వైపు పెద్దమనుషులు చేల మధ్య తిరిగి చూసి తీర్పు చెబుతారు. ఏ చేను ముందు ఎండిందో, పక్క చేనుకు తెగులు దాన్నుంచే పాకిందని లెక్క. తొంభైల్లో జూలూరుపాడు దగ్గరి ఒక ఊళ్లో ఇదే తీర్పు ఒక ఆడమనిషి మీద చెప్పారు. ఆమె రక్తం తీసింది నేనే.

అప్పుడు నేను అడవి అంచున ఉన్న ఒక సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. అంతవరకూ మలేరియా స్లైడ్లే నా లోకం. ఎయిడ్స్ అనే మాట అప్పుడప్పుడే మా దాకా వచ్చింది. ఆ మాట చెవిన పడితే చాలు, ఆయా కూడా నా గది గుమ్మం దగ్గరే ఆగిపోయేది. నాకు ఒళ్లు మండేది.

ఆమె టీబీతో వచ్చింది. చిక్కి సగమైంది. భర్త ఇల్లందు బొగ్గు లారీ తోలేవాడు. డాక్టరుగారు ఇంటిల్లిపాది రక్తమూ చూడమన్నారు. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఎయిడ్స్ వైరస్ ఉంది, నాలుగేళ్ల కూతురికి లేదు. అతను మాత్రం రాయిలా ఉన్నాడు. ఆ గట్టితనమే ఆమె కొంప ముంచింది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, ముందు మంచాన పడింది ఆమె కాబట్టి జబ్బు పుట్టింటి నుంచి ఆమే తెచ్చిందన్నారు. బిడ్డను అత్త దగ్గర వదిలి వెళ్లిపొమ్మన్నారు.

"పెండ్లిగాక ముందు నేను మా ఊరు దాటలేదక్కా. ఆయన లారీ ఎన్ని ఊర్లు తిరిగిందో అందరికీ ఎర్కే. బిడ్డను ఇచ్చిపొమ్మంటున్నరు" అంది నాతో.

సరిగ్గా ఆ రోజుల్లోనే దూరపు పట్నం నుంచి జీపులో కొందరు డాక్టర్లు రక్తం నమూనాల కోసం వచ్చారు. ఈ వైరస్‌లోనూ వంశాలున్నాయట, వాటికి ఇంగ్లీషు అక్షరాలు పేర్లట. ఏ ప్రాంతంలో ఏ రకం ఉందో పోల్చి చూస్తే, అది ఎటు నుంచి ఎటు పాకిందో తెలుస్తుందట. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈ ఇద్దరి రక్తమూ పోల్చి చూసి చెప్పమని వాళ్ల వెంట పడ్డాను. సరేనని రెండు ట్యూబులూ ఐసు డబ్బాలో పెట్టుకుపోయారు. ఊరి పెద్దలకు కబురు పంపితే, రక్తమే చెప్తదంటే చెప్పనియ్యమని వాళ్లూ ఆగారు.

కొన్ని నెలలకు ఆ డాక్టరు మళ్లీ వచ్చాడు.

"ఇద్దరిదీ సీ రకమేనమ్మా. ఇటువైపు మేం చూసిన అందరిదీ దాదాపు అదే."

"మరి ఎవరి నుంచి ఎవరికి వచ్చినట్టు?"

"ఇంటిపేరు తెలుస్తుంది. ఎవరు ముందో, ఎవరు వెనకో దీంతో తేలదు."

ఇంత దూరం మోసుకుపోయింది ఈ ఒక్క అక్షరం కోసమా అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. ఇది జబ్బు నడిచిన దారిని చూడటానికేగానీ మనిషిని పట్టుకోవడానికి కాదన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అయినా ఆ రోజు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

మర్నాడు ఆమె అత్తతో కలిసి ఒక పెద్దమనిషి వచ్చాడు.

"రెండూ ఒక్క తీరేనా మేడం?"

"అవ్. కానీ ఎవరు తెచ్చిన్రో దాంతోని తెల్వదు."

"ఒక్క తీరే అయితే ఇంకేంది. మేమన్నది గదే గదా. ఒక చేనుది ఇంకో చేనుకు పాకింది. ముందు ఎండింది ఈ చేనే."

"మనిషి చేను కాదు పెద్దయ్యా. ఎవరు తెచ్చినా, ఒంట్ల బలం లేనోళ్లు ముందు పడిపోతరు."

ఆయన మర్యాదగా అంతా విన్నాడు, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మా పరీక్ష ఆయన తీర్పుకు ముద్రలా పనికొచ్చింది. ఆ వారమే ఆమెను ముదిగొండ వైపు పుట్టింటికి పంపేశారు. వెళ్లేముందు మందుల కోసం వచ్చి, నా బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"నా బిడ్డకు చెప్తరు గదక్కా, మీ అమ్మే తెచ్చిందని."

మందుల పొట్లం ఆమె చేతిలో పెట్టాను. మిరప కోతలకు ముందే ఆమె చనిపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇప్పటికీ పోలేదు.

అతనికి మళ్లీ పెళ్లి చేశారు. నిజం చెప్పకుండా, అడవి లోపలి ఊరి నుంచి పిల్లను తెచ్చారు. ఏడాది తిరక్కుండానే అత్త ఆ పిల్లను కడుపుతో మా దవాఖానాకు తీసుకొచ్చింది. వెంట మనవరాలు కూడా ఉంది. కొత్త కోడలు నున్నగా, ఆరోగ్యంగా ఉంది. పరీక్ష చేశాను. మళ్లీ చేశాను. డాక్టరుగారు ఆ పిల్లను లోపల కూర్చోబెట్టి సంగతి చెప్పారు. ఏడుపు బయటికి వినిపించింది.

అత్త నా కిటికీ దగ్గరకు వచ్చింది.

"ఈమె కూడా పుట్టింటి నుంచే తెచ్చిందా మేడం?"

"నీ కొడుకు ఎట్లున్నడమ్మా?"

"ఏముంది, లారీ తోలుతుండు. ఇప్పుడిప్పుడే జర జెరం..."

మాట మధ్యలోనే ఆపి బెంచీ మీద కూలబడింది. నేను నీళ్లిచ్చాను, తాగలేదు. మనవరాలి తల మీద చెయ్యి వేసింది.

"దీనికి గట్లనే చెప్పుకుంటొచ్చినం మేడం, మీ అమ్మే తెచ్చిందని" అంది.

ఆ పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.