గోడకు అతికించిన పంచాంగం

బోగోలు చుట్టుపక్కల పాత మిద్దెలకు మరమ్మతు చేసే పోలేరయ్య మేస్త్రీని జనం వెనకాల ‘ఊతాల పోలేరయ్య’ అనేవాళ్లు. పుచ్చిన దూలం ఒకటి మార్చమంటే ఇంకో మేస్త్రీ అయితే పొద్దున వచ్చి సాయంత్రానికి తేల్చేసి పోతాడు. ఈ మహానుభావుడు మాత్రం ముందు ఇంటి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తాడు. బండెడు సరుగుడు గుంజలు దింపించి కప్పు కింద వరసగా ఊతాలు నిలబెడతాడు. ఇంట్లోవాళ్లను పిల్లాజెల్లాతో సహా పశువుల కొట్టంలోకి తోలితే గాని గునపం ముట్టడు. ఇల్లు బాగుపడే సంగతి దేవుడెరుగు, ముందు కాపురం వీధిన పడుతుందని ఆడవాళ్లు సణుక్కునేవాళ్లు. సణుక్కుంటూనే మళ్లీ అతన్నే పిలిచేవాళ్లు, అది వేరే సంగతి.

అతని భయం ఊరికే వచ్చింది కాదు. కొడవలూరులో ఒక పాత మిద్దె దించేటప్పుడు అన్న మాలకొండయ్య గోడ కింద పడి చనిపోయాడు. ఒక పూట పని కలిసొస్తుందని ఊతం పెట్టకుండా దూలం లాగారు. పోలేరయ్య కళ్ల ముందే జరిగింది. ఆ రోజు ఇటుకలు తవ్వితీసిన చేతులు అతనివే.

ఆ తర్వాత కొన్నేళ్లు బిట్రగుంట రైలు కాలనీలో పనిచేశాడు. ఇంజన్ల అదురుకు అక్కడి గోడలు ఎప్పుడూ ఏదో ఒక మూల బీటలిస్తూ ఉండేవి. హజరత్తయ్య అనే ముసలి మేస్త్రీ ఆ బీట మీద పల్చటి కాగితం ముక్కను గంజితో అడ్డంగా అతికించి మూడు రోజులు ఆగేవాడు. కాగితం నిలిస్తే గోడ నిలిచినట్టు. చిరిగిందా, గోడ ఇంకా కదులుతోందన్నమాట. అప్పుడు కప్పు జోలికి పోకుండా ముందు గోడకే బయటినుంచి ఊతం పెట్టాలి. పోలేరయ్య ఆ విద్య ఊరికి పట్టుకొచ్చాడు. ఊళ్లో అంత పల్చటి కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఉగాది దాటాక చూరులో దోపిన పాత పంచాంగాలే గతి. ఇంటింటికీ తిరిగి వాటిని అడిగి తెచ్చుకునేవాడు.

ఇంకేం, గోడకు జాతకం చూస్తున్నాడని ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది సొంత అల్లుడు రమణయ్య. కుర్రాడు మంచి పనివాడే. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. మామ కిందే పనిచేస్తూ, మా మామ గోడ నాడి చూసి పథ్యం కూడా చెబుతాడని కూలీల ముందు మామను అనుకరించి చూపేవాడు. పోలేరయ్య కోపంగా ‘ఏమయ్యా రమణయ్యా’ అని ఊరుకునేవాడు. రెండేళ్లుగా అల్లుణ్ణి ఆ పిలుపు తప్ప ఇంకో పిలుపు పిలవలేదు.

అరవై రెండులో వానలు వెలిశాక రంగనాయకులు గారి మిద్దె పని వచ్చింది. అప్పటికి పోలేరయ్య కూతురు చెంచులక్ష్మికి ఎనిమిదో నెల. మిద్దె సంగతి చూస్తే ఉప్పుగాలికి ఉత్తరపు గోడ ఇటుకలు పొడిపొడిగా రాలుతున్నాయి. మూలన పైనుంచి కింది దాకా ఒక బీట. రెండు తాటి దూలాలు గోడలోకి దూరిన చోట చెద తినేసింది. పోలేరయ్య దూలాల కింద ఊతాలు బిగించి, ఇల్లు ఖాళీ చేయించి, బీట మీద మూడు చోట్ల పంచాంగం ముక్కలు అతికించాడు. ఆ కాగితాలు ఊడకుండా చూడమని ఇంటావిడ ఇందిరమ్మకు అప్పగించి వెళ్లాడు. అవి ఎందుకో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

నాలుగో రోజు పొద్దున వచ్చి చూస్తే మూడు కాగితాలూ భేషుగ్గా ఉన్నాయి. మూడు రోజులు దండగయిందని రమణయ్య ఒక విసురు విసిరి, గునపం భుజాన వేసుకుని నిచ్చెనెక్కాడు. దూలాల మీది బరువు తగ్గించడానికి మిద్దె పైన ఉన్న సున్నపు గచ్చు పగలగొట్టాలి. పైన గునపం పోటు ఒక్కొక్కటీ దిగుతుంటే కింద పోలేరయ్య ఊతాలు సరిచూసుకుంటూ గోడ దాకా వచ్చాడు. అలవాటు కొద్దీ కాగితాన్ని అరచేత్తో నిమిరాడు.

చేతికి తడి తగిలింది.

మూడు రోజుల కిందట పూసిన గంజి ఎండి గలగలలాడాలి గదా! ఇదేమిటి, ఇప్పుడే పూసినట్టుందేమని గోటితో కాగితం లేపాడు. దాని కింద ఇంకో కాగితం, నడిమికి చిరిగి ఉంది. దాని కింద మరో రెండు, అవీ చిరిగే ఉన్నాయి. బీటలోకి చిటికెన వేలి గోరు దూరింది. పైన గునపం పోటు పడింది. ఇంటి దగ్గర నిండు పొట్టతో ఉన్న కూతురు మనసులో మెదిలి పోలేరయ్య కళ్లు మూసుకున్నాడు.

అరిస్తే కుర్రాడు అదిరిపడి, నిచ్చెనకు దగ్గరదారి అని ఉత్తరపు గోడ మీదగానే పరిగెత్తుతాడు. గోడ ఆ ఊపుకు ఆగదు. అందుకని నోరు మూసుకుని వాకిట్లోకి వచ్చి, పైనుంచి కనిపించే చోట నిలబడ్డాడు.

“నాయనా రమణయ్యా,” అన్నాడు మెల్లగా. “గునపం అట్నే పడుకోబెట్టు, ఇసిరెయ్యబాక. దచ్చిణం గోడ మీదగా నడిచి రా. పరిగెత్తబాక నాయనా.”

రమణయ్య ఏదో అనబోయాడు. మామ నోట ఎన్నడూ వినని పిలుపు, గొంతులో ఆ వణుకు వినేసరికి హాస్యం మాని చెప్పినట్టే చేశాడు. గునపం పడుకోబెట్టాడు. దక్షిణపు గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ నిచ్చెన దాకా వచ్చి దిగాడు. అల్లుడి కాలు నేలకు తగిలిందో లేదో పోలేరయ్య రెక్క పట్టుకుని గడ్డివామి దాకా లాక్కుపోయాడు.

అక్కడ నిలబడితే ఏమీ జరగలేదు. కూలీలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రమణయ్య పెదవుల మీదికి మళ్లీ నవ్వు రాబోతోంది. అంతలో ఉత్తరపు మూలనుంచి ఒక ఇటుక జారింది. దాని వెనక నాలుగు. ఆ తర్వాత గోడ మూల మూలంతా కూలబడి, పైనున్న కప్పు ముక్కనూ గునపాన్నీ వెంట తీసుకుపోయింది. దుమ్ము అణిగాక చూస్తే ఊతాలున్న మేర మిద్దె చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. ఒక్కరికీ గీత పడలేదు.

కొట్టంలోంచి ఇందిరమ్మ నెత్తి కొట్టుకుంటూ వచ్చింది.

“చినిగిన పంచాంగం ఇంట్లో ఉండగూడదు గదా పోలేరయ్యా. దినామూ తెల్లారి లోపల దీపం పెట్టేదానికి పోయి చూస్తే చినిగుంటాది. నువ్వు చూడమంటివే అని నేనే కొత్తది అతికిస్తా ఉండా.”

ఆ గోడ పక్కనే, రోజూ తెల్లవారి ఒంటరిగా, గంజి గిన్నె పట్టుకుని నిలబడిందన్నమాట! రంగనాయకులు గారు ఉన్నచోటే చతికిలబడ్డారు. పోలేరయ్యకు ముందు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది.

“తప్పు నాదేనమ్మా,” అన్నాడు తుండుతో ముఖం తుడుచుకుంటూ. “చూడమని చెప్పినానే గాని, ఎందుకో చెప్పలా.”

చెంబెడు మజ్జిగ అడిగి ఒక్క గుక్కలో తాగాడు. బతికిపోయాంరా దేవుడా అని అందరికీ వినపడేలా అన్నాడు. మధ్యాహ్నానికి మిగిలిన గోడకు బయటినుంచి ఊతాలు పెట్టించాడు. ఆ గుంజలు మోసినవాడు రమణయ్య, అదీ కిక్కురుమనకుండా. నెల తిరిగేసరికి కొత్త గోడ లేచింది, చెంచులక్ష్మికి ఆడపిల్ల పుట్టింది.

మరుసటి ఎండాకాలం కొడవలూరులో పని పడింది. అన్న పోయిన ఊరని ఎన్నేళ్లుగానో పోలేరయ్య అక్కడి పని ఒప్పుకోలేదు. ఈసారి ఒప్పుకున్నాడు. గోడ ముందు కూర్చుని గంజి కలుపుతుంటే రమణయ్య వచ్చి గిన్నె చేతిలోంచి తీసుకున్నాడు. బీట మీద కాగితాలు తనే అతికించాడు. తర్వాత ఇంట్లోవాళ్లందర్నీ, కర్ర పట్టుకుని నడిచే ముసలమ్మతో సహా, వాకిట్లోకి పిలిచాడు.

“ఇవి చినిగితే చినగనీండి. ఎవురూ అతికించబాకండి, లోపలికి పోబాకండి. గోడ కదిలితేనే ఇది చినిగేది. చినిగిన వెంటనే మాకు కబురు పెట్టండి,” అని, చెప్పింది సరిపోయిందా అన్నట్టు మామ వైపు తిరిగాడు.

“బాగానే చెప్పినావు నాయనా,” అన్నాడు పోలేరయ్య. ఈసారి ఆ పిలుపులో వణుకు లేదు.