కాటా గోడకు తలుపు

గుడివాడకు బందరు వైపు నుంచి వచ్చే రోడ్డు మీద రైస్ మిల్లులు, ట్రాక్టర్ షెడ్లు, ఇనుప సామాను కొట్లు వరసగా ఉంటాయి. వాటి మధ్యలోనే భ్రమరాంబకూ ఆమె భర్త గణపతికీ లారీలు తూచే కాటా, ఆ ఆవరణలోనే ఇల్లు ఉన్నాయి. గణపతి గదిలో కూర్చుని తూకం చీటీలు రాసిస్తుంటే, భ్రమరాంబ లోపలికీ రోడ్డు మీదకీ తిరుగుతూనే ఉండేది. కుర్చీ వేసినా కూర్చునేది కాదు.

ఆమెను కుదురుగా ఉండనివ్వనిది ఆ రోడ్డే. మిల్లుల బూడిద రోడ్డు వారనే గుట్టలుగా పోసేవారు. గాలి లేస్తే ఊక కళ్ళలో పడేది. తూకానికి ఆగిన లారీల వాళ్ళు కాటా ప్రహరీ గోడనే మరుగుదొడ్డిగా వాడుకునేవారు. ఒకసారి చల్లపల్లి నుంచి వచ్చిన ఆడపడుచు బస్సు దిగుతూనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకున్నా మీ ఊరొచ్చిందని తెలిసిపోతుంది వదినా అంది. నవ్వుతూ అన్న మాటే. భ్రమరాంబకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

ముందు లారీ వాళ్ళను కేకలేసింది. తర్వాత గోడ పొడుగునా దేవుళ్ళ బొమ్మలున్న టైల్స్ అతికించింది. గోడ ఆరింది గానీ, వాసన పక్కనున్న డ్రైను దగ్గరికి జరిగింది. బూడిద గుట్టలు తీయించమని మున్సిపాలిటీ చుట్టూ తిరిగింది. అక్కడి ఇంజనీరు ఈశ్వరప్రసాద్ ఆమెను చూడగానే, పని మొదలవుతుందండీ అని తనే ముందు చెప్పేసేవాడు.

మొదలైంది కూడా. బూడిద ఎత్తేశారు. ముందుకు పెరిగిన షెడ్లను వెనక్కి జరిపించారు. డివైడరులో మొక్కలు, నడుమ దీపాలు వచ్చాయి. పెడన నుంచి వచ్చిన పనివాళ్ళు కాటా గోడ మీద టైల్స్‌కు పైన కలంకారీ చెట్టు, దాని కింద రెండు నెమళ్ళు వేశారు. కాలేజీ పిల్లలు ఆగి ఫోటోలు దిగుతుంటే భ్రమరాంబ గేటు దగ్గర నిలబడి చూసేది. అయినా మనసు నిలిచేది కాదు. ఏ మొక్క వాడిందో, ఎవరు ఎక్కడ ఉమ్మేశారో అని మళ్ళీ బయల్దేరేది.

ఒక మధ్యాహ్నం డివైడరు మొక్కలకు నీళ్ళు పోస్తుంటే, పక్క మిల్లులో ఊక బస్తాలు నింపే వెంకటలక్ష్మి ఎండలో గబగబా నడుచుకుంటూ పోతూ కనిపించింది. షెడ్లన్నీ దాటి కాలవగట్టు వైపు పోతోంది. ఎక్కడికని అడిగితే మొహమాటపడింది. మళ్ళీ అడిగాక తల దించుకుని చెప్పింది.

"రోడ్డు బాగుందండీ. ఇదివరకు బూడిద గుట్టల చాటుండేది మాకు. ఇప్పుడా చాటు లేదు. అందుకే పనిలోకొచ్చాక నీళ్ళు తాగడం మానేశామండీ."

మా ఇంట్లోకి రాకూడదా అంది భ్రమరాంబ. ఇంతమందిమి రోజూ మీ ఇంట్లోకి ఎట్లా వస్తామండీ అని వెంకటలక్ష్మి నడక సాగించింది.

భ్రమరాంబ బకెట్ అక్కడే వదిలేసి లోపలికొచ్చింది. గుట్టలు తీయించమని ఎన్నిసార్లు తిరిగిందో గుర్తొచ్చింది. ఒక్కసారైనా ఈ ఆడవాళ్ళను ఆమె అడగలేదు. సాయంత్రం గణపతితో, గోడ వెనక ఖాళీలో రెండు మరుగుదొడ్లు కట్టిద్దాం, ఆడవాళ్ళకొకటి, లారీ వాళ్ళకొకటి అంది. కాటా మూసేశాక కూడా పనికిరావాలంటే తలుపులు రోడ్డు వైపే ఉండాలంది. ఇంటి ముందు కంపు పెట్టుకుంటామా అని గణపతి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే తాపీమేస్త్రీకి ఫోన్ చేశాడు.

గోడకు గునపం పడిందని తెలిసి ఈశ్వరప్రసాద్ బండి మీద వచ్చాడు. అప్పటికే ఒక నెమలి సగం పోయింది.

"సరిగ్గా బొమ్మ మధ్యలోనేనా అండీ? కాస్త పక్కకి జరపకూడదా?"

"డ్రైను పైపు ఇక్కడే ఉందండీ. ఆ గుట్టలు తీయించమని మీ ప్రాణం తీసింది నేనేగా. వాటి చాటు ఎవరికి కావాలో అప్పుడు నేనే అడగలేదు."

అతను బండి తిప్పుకున్నాడు. వెళ్ళే ముందు, తలుపులకు కూడా రంగు వేయిస్తానని చెప్పాడు.

కట్టడం ఒక ఎత్తు, శుభ్రంగా ఉంచడం ఇంకో ఎత్తు. కొత్తలో కడిగే మనిషి దొరక్క భ్రమరాంబే చీపురు పట్టింది. గణపతి సణుగుతూనే మోటారు వేసేవాడు. కొందరు మగవాళ్ళు ఇప్పటికీ డ్రైను దగ్గరే నిలబడతారు. ఆమె ఇప్పటికీ కేకలేస్తుంది. వెంకటలక్ష్మి వాళ్ళు మాత్రం కాలవగట్టుకు వెళ్ళడం మానేశారు.

కానీ రోడ్డు చివరి మిల్లుల ఆడవాళ్ళకు కాటా దూరం. అక్కడ సుబ్బారావు గారి మిల్లులో మరుగుదొడ్డి ఉంది, తాళం వేసి ఉంది. భ్రమరాంబ అడిగితే తీయిస్తానని ఆయన మాటిచ్చారు గానీ తీయించలేదు. నిన్న భ్రమరాంబ మళ్ళీ వెళ్ళింది. తాళంచెవి మేనేజరు దగ్గరుందన్నారు. మేనేజరు పామర్రు వెళ్ళాడన్నారు. వచ్చేదాకా ఉంటానండీ అని ఆమె ఆఫీసు గది ముందే అటూ ఇటూ తిరిగింది. సుబ్బారావు గారు కుర్చీ వేయించినా కూర్చోలేదు. చివరికి ఆయనే విసుగుతో లేచి, ఎక్కడో వెతికి ఇంకో తాళంచెవి తెచ్చి తలుపు తీశారు.

లోపల కప్పుదాకా పాత గోతాలు. పనిలో ఉన్న ఆడవాళ్ళు తొంగిచూశారు. భ్రమరాంబ కొంగు నడుముకు దోపుకుని మొదటి గోతాన్ని బయటికి లాగింది.