బొట్టు పెట్టిన ఎద్దు

మా ఊళ్ళో మోటరును అందరికంటే దగ్గర నుంచి చూసింది నేనేనని చాలా రోజులు చెప్పుకున్నాను. ఎంత దగ్గర నుంచి అని అడిగిన వాళ్ళకు కుడిచెయ్యి చూపించేవాణ్ణి. బొటనవేలూ దాని పక్కదీ ఉన్నాయి. మిగిలిన మూడూ నిజామాబాద్ దవాఖానలో ఉండిపోయాయి.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మోటర్ల వెనక బొగ్గు పొయ్యి కట్టుకుని తిరిగేవాళ్ళు. బాన్సువాడలో కల్లు దుకాణాల గుత్తేదారు ఒకాయన అలాంటి మోటరు కొన్నాడు. డ్రైవరును పెట్టుకోలేదు. ఎవరి మోటరు వాళ్ళు నడుపుకుంటేనే దర్జా అని ఎవరో చెప్పారట.

ఆ రోజు నేను చెరకు బండి తోలుకుని బాన్సువాడకు పోతున్నాను. కాలువ వంతెన దిగుతుంటే వెనక నుంచి రబ్బరు బూర మోగింది. పక్కకు తీద్దామంటే జాగా లేదు, ఒక దిక్కు కాలువ. గుత్తేదారు ఆగలేదు. ఆపడం ఇంకా నేర్చుకోలేదని తర్వాత తెలిసింది. బండిని దాటబోయి కుడిపక్క ఎద్దును గుద్దాడు. నేను ఎగిరి కింద పడ్డాను. బండి చక్రం నా చేతి మీదుగా పోయింది. ఎద్దు అక్కడే చచ్చిపోయింది. చెరకు గడలు రోడ్డు నిండా పడ్డాయి. జనం పరుగెత్తుకొచ్చి ముందు చెరకు ఏరుకున్నారు, తర్వాత నన్ను ఏరుకున్నారు.

నొప్పి తెలియలేదు. ఏడుపూ రాలేదు. అందరూ నా ముఖంలోకి చూస్తుంటే ఏదో ఒకటి అనాలి కదా అని, "తియ్యగున్నదా?" అని అడిగాను. చేతిలో చెరకు గడ ఉన్న ఒకాయన సిగ్గుపడి దాన్ని వెనక దాచుకున్నాడు. నవ్వించడం నాకు అలవాటు. బడిలో మూడో తరగతి దాటనిది కూడా అందుకే. పంతులు చెప్పినదానికంటే నేను చెప్పింది పిల్లలు ఎక్కువగా వినేవాళ్ళు. ఆయనకు అది నచ్చలేదు, నాకు బడి నచ్చలేదు, ఇద్దరం మర్యాదగా విడిపోయాం.

చేతికి కట్టు విప్పాక మా నాయిన నన్ను వెంటబెట్టుకుని బాన్సువాడలో ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. రూమీ టోపీ, నల్ల షేర్వాణీ, నోట్లో పాన్. ఆయన మొదట అడిగింది నా చేతి గురించి కాదు.

"గా మోటరుకు బీమా ఉన్నదా?"

"గదేంది సాబ్?" అన్నాడు నాయిన.

"ఏడాదికింత అని కంపెనీకి కడుతరు. ఎవరినన్న గుద్దితే కంపెనీ పైసలిస్తది."

"అంటే గుద్దకముందే కడుతరా?" అన్నాను నేను. "మస్తు మర్యాద సాబ్ అది."

వకీలు పాన్ ఉమ్మి మరీ నవ్వాడు. నాయిన నవ్వలేదు.

"గాయినకు బీమా లేదు, నేను అడిగిన," అన్నాడు వకీలు. "ఇగ ఇచ్చేది గాయిన జేబులకెల్లే రావాలె. అందరికంటే కష్టం అదే. ఎద్దుకు వేరే అడుగుదం, చేతికి వేరే అడుగుదం. చేతిదే పెద్దది. ఒక్కమాట యాదుంచుకోండ్రి. రాజీ అయితే అన్నీ పాయె. గాయిన చేతిలకెల్లి ఏది తీసుకోకుండ్రి. పాన్ ఇచ్చినా వద్దనుండ్రి."

చెయ్యి పోయినందుకు వచ్చే పైసల మీద మాకు ఒక లెక్క ఉండేది. రెండు వేళ్ళతో నాగలి పట్టలేను. పగ్గాలు పట్టలేను. పొద్దున్నే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టుకుందామంటే దానికి పదివేళ్ళూ కావాలి. తక్కెడ పట్టడానికి మాత్రం ఎడమచెయ్యి చాలు. బాన్సువాడ అంగట్లో ఉప్పూ పప్పూ అమ్మే చిన్న దుకాణం పెట్టిస్తే నా బతుకు నేను బతుకుతానని నాయిన అనుకున్నాడు. నేనూ సరే అన్నాను. సంతోషంగా అన్నానని చెప్పలేను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేవాణ్ణి.

వాయిదాలు మొదలయ్యాయి. కోర్టులో కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. అది కుడి నుంచి చదవాలట. నాకు ఎటు నుంచి చదివినా ఒకటే. గుత్తేదారు అదే మోటరులో వచ్చేవాడు. మేము నడిచి పోయేవాళ్ళం. ఒకసారి వరండాలో ఎదురుపడి, "ఏం పిలగా, ఎట్లున్నవు?" అని అడిగాడు.

"మీ దయ దొరా, సగం మంచిగున్న," అన్నాను.

ఆయన కూడా నవ్వాడు. చెడ్డ మనిషేమీ కాదు. నవ్వి లోపలికి పోయి మళ్ళీ వాయిదా అడిగాడు.

అట్లా ఎండాకాలం సగం పోయింది. దుక్కి దున్నే రోజులు దగ్గర పడ్డాయి. మాకు మిగిలింది ఒక్క ఎద్దు. ఒక్క ఎద్దుతో నాగలి కట్టలేం. జోడీ అరువు అడిగితే ఊళ్ళో అందరూ తమ దుక్కులయ్యాక అన్నారు. అందరి దుక్కులూ అయ్యేసరికి వాన వచ్చి పోతుంది.

ఒక మధ్యాహ్నం నాయిన చేను కాడికి పోయాడు. నేను చూరు నీడలో మంచం మీద పడుకున్నాను. గుత్తేదారు జీతగాడు ఒక తెల్ల ఎద్దును తోలుకొచ్చి మా వాకిట్లో నిలబెట్టాడు. పలుపు కింద వదిలేసి, "దొర పంపిండు" అన్నాడు. పక్కింటి అరుగు మీద గుత్తేదారు గుమాస్తా కూర్చుని ఉన్నాడు, ఊరికే వచ్చినట్టు.

మా దిక్కు పశువును ఇచ్చి పుచ్చుకోవడానికి కాగితం అక్కరలేదు. తెచ్చినవాడు పలుపు వదలాలి. ఆ ఇంటి ఆడమనిషి పశువు కాళ్ళ మీద నీళ్ళు పోసి, నుదుట బొట్టు పెట్టాలి. అంతటితో బేరం ముగిసినట్టు. తగాదా ఉంటే తగాదా కూడా.

మా అవ్వ చెంబెడు నీళ్ళతో బయటికి వచ్చింది. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం.

"అవ్వా, వద్దు," అన్నాను. "దొర చేతిలకెల్లి ఏం తీసుకోవద్దని వకీలు చెప్పిండు."

"దొర చెయ్యేడున్నదిరా గీడ? గిది ఎద్దు."

"అరుగు మీద ఎవరు కూసున్నరో చూసినవా?"

"చూసిన. నాకు కండ్లు మంచిగనే ఉన్నయి." ఎద్దు నోటి నుంచి నురగ కారుతోంది. నడి ఎండలో బాన్సువాడ నుంచి తోలుకొచ్చారు. "నోరులేనిది వాకిట్ల నిలబడితే ఎట్ల పొమ్మంట? నీ చెయ్యి మల్ల మొలుస్తదా బిడ్డా? వాన మాత్రం వస్తది."

ఆమె నీళ్ళు పోసింది. పసుపు పూసి కుంకుమ పెట్టింది. బెల్లం కలిపిన తవుడు తెచ్చి ముందు పెట్టింది. ఎద్దు తలెత్తకుండా తిన్నది. గుమాస్తా అరుగు దిగి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. నాయిన వచ్చి వాకిట్లో నిలబడి ఎద్దును చూశాడు, అవ్వను చూశాడు, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు.

తర్వాతి వాయిదాకు మమ్మల్ని పిలిచారు. గుత్తేదారు తరఫు వకీలు నాయినను ఎక్కువేమీ అడగలేదు.

"ఎద్దు మీ ఇంట్ల ఉన్నదా?"

"ఉన్నది."

"మీ ఇంటామె బొట్టు పెట్టిందా?"

మా వకీలు గట్టిగా దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం నాకు కూడా తెలిసింది. నాయినకు తెలియకపోదు.

"పెట్టింది," అన్నాడు నాయిన.

మున్సిఫ్ కూడా ఈ దిక్కు మనిషే. బొట్టంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కలం పక్కన పెట్టి, మెల్లగా, మాకు అర్థమయ్యే తెలుగులోనే అన్నాడు. "ఎద్దును తిరిగి తోలియ్యండ్రి. దావా నడుస్తది. చేతి సంగతి నేను చూస్త. ఉంచుకుంటే రాజీ అయినట్టే, ఇగ ఏమి రాదు. ఏమంటవు?"

నాయిన నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు బిడ్డా. చెయ్యి నీది."

దుకాణం గురించి ఆలోచించాలి కదా అనుకున్నాను. తక్కెడ, ఉప్పు బస్తా, గల్లా పెట్టె ఒక్కొక్కటే తలచుకున్నాను. ఏదీ లోపలికి దిగలేదు. చెయ్యి గురించి ఆలోచించాను. అదీ అంతే, ఎవరిదో చెయ్యి.

"మా అవ్వ ఇయ్యదు సాబ్," అన్నాను.

కోర్టంతా ఘొల్లుమంది. బంట్రోతు కూడా నవ్వాడు. గుత్తేదారు రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను నవ్వించడానికి అనలేదు. మున్సిఫ్ ఒక్కడే నవ్వకుండా కలం తీసుకుని రాజీ అని రాశాడు. నాయిన వేలుముద్ర వేశాడు. నన్ను కూడా వెయ్యమన్నారు, వేశాను.

ఇంటికొచ్చేసరికి పొద్దు గుంకుతోంది. "ఏమాయె?" అని అవ్వ అడిగింది.

"ఎద్దు మనదే," అన్నాడు నాయిన.

అవ్వ పొయ్యి దగ్గరికి పోయి అన్నం, పప్పు పెట్టుకొచ్చింది. ఎడమచేత్తో తినడం నేను అప్పటికే నేర్చుకున్నాను. అయినా ఆమె నా ఎదురుగా కూర్చుని, కలిపి, చిన్నపిల్లవాడికి పెట్టినట్టు ముద్దలు నోట్లో పెట్టింది. నేను వద్దనలేదు. పెట్టినన్నీ తిన్నాను. అందులో ఉప్పు వేసిందో లేదో నాకు తెలియలేదు.