సంగప్ప మాటకు మంజూరు

నిప్పు ఎప్పుడు పుట్టిందో, చక్రం ఎవరు తిప్పారో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేకపోయారు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో చాయ్ సైగ పుట్టుక విషయంలో మాత్రం అలాంటి సందిగ్ధం లేదు. అది 1995 ఆగస్టులో ఒక శనివారం పొద్దున, పది కావస్తుండగా, పంకాల రెక్కలు చేసే ఒక ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో పుట్టింది. మూడో నంబరు ప్రెస్ దగ్గర నిలబడ్డ సంగప్ప తన కుడి చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని కనుబొమలు ఎగరేశాడు. ఎదురుగా ఐదో నంబరు దగ్గరున్న బాలప్ప తలూపాడు. వేడి గ్లాసు పట్టుకుని వేళ్లు చురుక్కుమంటే ఎవరైనా పట్టుకునేది చెవే కదా. బొటనవేలు నోటి దగ్గర పెట్టడమనేది అప్పటికే కల్లుకు కేటాయించబడి ఉంది కాబట్టి, చాయ్‌కి సొంత గుర్తు లేని లోటు ఆ షాపును చాలాకాలంగా బాధిస్తూ ఉండింది.

ఆ షాపులో పద్నాలుగు ప్రెస్సులు. అవి పడుతుంటే పక్కవాడి నోరు కదలడం కనబడేది, మాట వినబడేది కాదు. ఎనిమిది గంటల షిఫ్టు మాట లేకుండా గడపడం మనుషుల వల్ల కాదు గనుక చేతులతో ఒక భాష తయారైంది. గడ్డం నిమిరితే సూపర్‌వైజర్ ఇజాజ్ సాబ్ వస్తున్నాడని అర్థం. లేని టై సర్దుకుంటే హెడ్డాఫీసు వాళ్లని. బాలప్ప ఈ భాషలో జోకులు చెప్పేవాడు. నవ్వు ఆపుకోలేక ఒకరిద్దరు రేకులు వంకరగా పెట్టిన సందర్భాలున్నాయి. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకాయన, పది గంటలకు పదకొండు మంది ఒక్కసారిగా చెవులు పట్టుకోవడం చూసి, తనకు క్షమాపణ చెప్పుకుంటున్నారనుకుని వారం రోజులు ఎంతో దయగా మెలిగాడు. ఇజాజ్ సాబ్ రిటైరైన రోజు షాపంతా వరుసగా నిలబడి గడ్డాలు నిమిరింది. ముప్పై ఏళ్లుగా తన వెనక ఏం నడిచిందో ఆయనకు ఆ రోజే తెలిసింది. "బద్మాష్‌లు" అని కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత వాటంతట అవే నడిచే మిషన్లు వచ్చాయి. షాపు నిశ్శబ్దమైంది. మాట వినబడే చోట సైగకు పనేముంటుంది? మనుషులు తలా ఒక దిక్కు పోయారు.

రెండేళ్ల కింద సంగప్ప గొంతులో గడ్డ తేలింది. జీతంలోంచి నెలనెలా కోసుకున్న సర్కారు బీమా ఆపరేషన్ చేయించింది. గడ్డతో పాటు స్వరపేటిక కూడా పోయింది. బతికాడు. మాట పోయింది.

ఆస్పత్రిలో మాటల వైద్యం చేసే తనుశ్రీ అనే అమ్మాయి ఒకరోజు పలకంత పరికరం తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. అందులో బొమ్మలుంటాయి. బొమ్మ నొక్కితే మాట పలుకుతుంది. సంగప్ప రెండో తరగతితో బడికి సెలవిచ్చినవాడు కాబట్టి అక్షరాల కంటే బొమ్మలే నయం. అతను కాసేపు చూసి అన్నం గిన్నె బొమ్మ మీద వేలు పెట్టాడు.

"నాకు ఆకలిగా ఉంది" అంది పరికరం, వార్తలు చదివే గొంతుతో.

పక్కన కూర్చున్న అతని భార్య సత్తెమ్మ తక్షణం తిరిగింది. "ఇప్పుడే గద నాలుగు ఇడ్లీలు తింటివి. కడుపా, కాలువనా?"

సంగప్ప మళ్లీ నొక్కాడు. "నాకు ఆకలిగా ఉంది."

"ఒర్రకు. ఇంటికి పోయినంక పెడ్త."

ఆపరేషన్ అయ్యాక ఎనిమిది నెలలకు ఆ మొగుడూపెళ్లాల మధ్య జరిగిన మొదటి కొట్లాట అది. ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. ఆ పరికరం నమూనా మాత్రమే, తిరిగి ఇచ్చేయాలి. సొంతంగా కావాలంటే బీమా బోర్డు మంజూరు చేయాలని, ముగ్గురు డాక్టర్ల ముందు హాజరు కావాలని తనుశ్రీ చెప్పింది. దరఖాస్తు మీద సంగప్ప, సరిగ్గా పడలేదేమోనని, రెండుసార్లు వేలిముద్ర వేశాడు. ఆపరేషన్ కాగితం మీద ఒకసారితోనే సరిపెట్టాడు.

బోర్డు ముందు తోడుగా ఉండడానికి బాలప్ప ఒప్పుకున్నాడు; ఎవరి ఇంటి నుంచి వాళ్లు వచ్చి ఆఫీసు గేటు దగ్గర కలుసుకున్నారు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ప్రెస్ షాపులో గ్రేడు పెరగాలంటే పెద్దసారు ముందు నిలబడి, చేతిలో ఉన్న పనితనమంతా చూపించాలి. చూపించినవాడికి గ్రేడు. ఆఫీసుల దగ్గర ఏదైనా సాధించుకోవడానికి వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే.

"ఫికర్ జెయ్యకు సంగప్పన్నా" అన్నాడు బాలప్ప. "సార్లు నోరు తెర్వాలె సూడు."

తెరిచారు. బోర్డు పెద్ద డాక్టర్ సూర్యారావు మర్యాదగా అడిగాడు: "ఏం పెద్దాయనా, ప్రయాణం ఎలా జరిగింది?"

సంగప్ప చేతులు లేచాయి. బాలప్ప గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. "కంది ఊరి కాడ బస్సెక్కిండట సార్. దిగే స్టాపు దాటిపోయిందట. ఆపుమని ఒర్రలేడు గద! మూడు స్టాపులు పోయినంక ఎవరో ముసలామె దిగుతుంటె ఆమె ఎన్క దిగి, నడుసుకుంట వచ్చిండట. ఆమె లేకుంటె ఇయ్యాల చార్మినార్ సూసి వస్తుంటి అంటుండు."

ముగ్గురు డాక్టర్లూ పకపకా నవ్వారు. ఆ జోకులోనే దరఖాస్తుకు కావలసిన ఆధారమంతా ఉందని నవ్వినవాళ్లకూ తోచలేదు, చెప్పినవాడికీ తోచలేదు. సూర్యారావుకు ఆసక్తి పెరిగింది. ఊరు, ఉద్యోగం, వానలు, అన్నీ అడిగాడు. "ఇంకా అడుగుండ్రి సార్, ఏదైన అడుగుండ్రి" అన్నాడు బాలప్ప. ఇరవై నిమిషాల పాటు ప్రెస్ షాపు మళ్లీ నడిచింది. బయటికొచ్చాక ఇద్దరూ గ్రేడు దొరికినట్టే అనుకుని చాయ్ తాగారు.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. దరఖాస్తుదారుడు ధారాళంగానూ, సందర్భోచితంగానూ, హాస్యస్ఫూర్తితోనూ సంభాషించగలడని బోర్డు స్వయంగా పరిశీలించినందున పరికరం అవసరం లేదని అందులో ఉంది.

బాలప్ప సంగప్ప ఇంటి గడప మీద తల దించుకుని కూర్చున్నాడు.

"నిన్నెవలు గంత మంచిగ చెప్పుమన్నరయ్యా?" అంది సత్తెమ్మ.

"గ్రేడిస్తరనుకున్న వదినె."

"ఇచ్చిన్రు గద. ఆయనకు కాదు, నీకు."

సంగప్ప ఏదో సైగ చేశాడు. చీపురు అడుగుతున్నాడనుకుని ఆమె లోపలికి పోయి తెచ్చింది. అతను తల అడ్డంగా ఊపాడు. "ఆయన తిట్టొద్దంటుండు నన్ను" అని బాలప్ప గొణిగాడు.

మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చని తనుశ్రీ అంది. అసలీ సైగలు ఎంతమందికి తెలుసని అడిగింది. బాలప్ప వేళ్లు మడిచాడు. మొదట పదకొండు మంది. ముగ్గురు బీహారు పోయారు. ఇద్దరు కాలం చేశారు. ఇద్దరి జాడ లేదు. నర్సన్నకు చూపు పోయింది. మిగిలింది ముగ్గురు. అందులో సంగప్ప ఒకడు.

రెండోసారి బాలప్పను గేటు బయటే నిలబెట్టి, చేతులు జేబుల్లోంచి తీయనని ఒట్టు వేయించుకున్నారు. లోపలికి సత్తెమ్మ వెళ్లింది.

"బాగున్నారా?" అన్నాడు సూర్యారావు, పాత స్నేహితుణ్ని చూసినట్టు. సంగప్ప చేతులు ఆగలేదు. చాలాసేపు చెప్పాడు.

"ఏమంటున్నాడమ్మా?"

"నాకేం ఎరుక సారూ. కూలర్ కరాబైందంటుండో, కడుపు నొస్తుందంటుండో."

"మీరు భార్య కదా."

"భార్యనే. గా షాపుల ఒకటే మిషన్ల సప్పుడు. ఆడ చేతులతోని మాట్లాడిండు. ఇంట్ల నోటితోని మాట్లాడిండు. నేను చేతులెందుకు నేర్సుకుంట?" ఆమె కుర్చీ అంచుకు జరిగింది. "షిఫ్టు దిగి వచ్చెటోడు సారూ. దినమంతా మూసిన నోరు నా ముంగట తెరిసెటోడు. నేను బియ్యమేరుకుంట కూసుంటె, బాలప్ప ఏమన్నడు, ఇజాజ్ సాబ్ ఎట్ల నడిసిండు, అన్నీ చెప్పెటోడు. తల నొస్తుంది, జెర నోరు మూసుకోరాదు అంటుంటి. దినాం అంటుంటి. ఇగ మూసిండు."

సంగప్ప చేతులు ఒళ్లోకి దిగాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. సూర్యారావు కలం మూత తీసి, మొదటి ఉత్తర్వును ఒకసారి చదువుకుని, దాని కిందే రాశాడు. దరఖాస్తుదారుడు ధారాళంగా సంభాషించగలడు, అయితే ఆ భాష తెలిసిన వారు ఆయన ఇంట్లో ఎవరూ లేరు. కుటుంబ సంభాషణ నిమిత్తం పరికరం మంజూరు.

అది జూన్‌లో వచ్చింది. దుమ్ము పడుతుందని సత్తెమ్మ పాత చీరతో సంచి కుట్టి దాన్ని బీరువాలో పెట్టింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది; సాయంత్రం బియ్యం చేట ముందేసుకుని కూర్చున్నాకే బీరువా తెరిచి దాన్ని అతని ఒళ్లో పెడుతుంది.