పైకి రమ్మనాల్సింది

జెస్వాల్దో ఇన్సలాకో నా బడికి వచ్చేనాటికి అతనికి నలభై నాలుగేళ్ళు. పిల్లల బెంచీలో మోకాళ్ళు పట్టక, పక్కకి తిరిగి ఒక కాలు బయటికి చాపుకుని కూర్చునేవాడు. గంధకపు గనిలో ఇరవై తొమ్మిదేళ్ళు పలుగు పట్టిన మనిషి. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయి, పది మెట్లెక్కితే గోడ పట్టుకునే స్థితికి వచ్చాక గనివాళ్ళు ఇంటికి పంపేశారు. అదే ఏడు మా సెర్రామారా శ్మశానంలో కావలివాడి ఉద్యోగం ఖాళీ అయింది. దానికి ఐదో తరగతి పాసైన పత్రం కావాలన్నారు. చచ్చినవాళ్ళకి కాపలా కాయడానికి చదువెందుకని ఊరంతా నవ్వింది. పురపాలక కార్యాలయం మాత్రం నవ్వలేదు.

అది 1958. పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన తరగతి అది. చలికాలం నాలుగు నెలలు, పొలాల్లో పని తక్కువగా ఉండే రోజుల్లో, మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక నడిపేదాన్ని. పద్నాలుగుమంది వచ్చేవారు. జెస్వాల్దో తన పేరు రాయడం గనిలో చేరిన రోజున ఎవరో నేర్పగా నేర్చుకున్నాడు. తక్కిన అక్షరాలు మొదటి చలికాలంలోనే పట్టేశాడు. రెండో చలికాలంలో క్రియల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

మేం ఇంట్లో మాట్లాడేది సిసిలీ మాట. బడిలో నేర్పేది ఇటాలియన్. రెండూ ఒక ఇంటి పిల్లల్లాగే కనిపిస్తాయి, కానీ క్రియలో వేరుపడతాయి. పొద్దున రొట్టె తిన్నామని చెప్పినా, తాతలకాలంలో కరువొచ్చిందని చెప్పినా మా మాటలో ఒకటే భూతకాలం. రేపటికి వేరే రూపమే లేదు, ఈ రోజుకి వాడేదే రేపటికీ సరిపెట్టుకుంటాం. ఇటాలియన్‌లో అలా కుదరదు. భూతకాలాలే ఐదు. జరిగింది చెప్పడానికి ఒక రీతి, జరిగిందో లేదో తెలియనిదానికి ఇంకొకటి, జరిగి ఉండేది కానీ జరగలేదనడానికి మరొకటి. ఒక్కొక్కదానికీ నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు అని ఆరేసి రూపాలు. నేను బోర్డు మీద రాస్తుంటే వాళ్ళు జపమాల తిప్పుతున్నట్టు వరసపెట్టి అప్పజెప్పేవారు.

భవిష్యత్తు మొదలుపెట్టిన రోజున మేకలు కాసుకునే బాస్త్యానో చెయ్యెత్తాడు. "పంతులమ్మగారూ, రేపు అనేదానికి గవర్నమెంటు ఆరు రూపాలిచ్చింది, బాగానే ఉంది. ఒక్క రేపైనా ఇస్తుందేమో కాస్త కనుక్కోండి" అన్నాడు. అందరూ నవ్వారు. జెస్వాల్దో నవ్వలేదు. ఆరు రూపాలూ పుస్తకంలో దించుకుంటున్నాడు. ఉద్యోగం కోసం వచ్చినవాడు ఇంత పట్టుదలగా చదవడం ఏమిటని నాకు వింతగా ఉండేది. ఒకసారి అడిగితే, పెద్దవాళ్ళ ముందు నోరు తిరగక పరువు పోగొట్టుకోవడం ఒక్కసారి చాలునన్నాడు. ఆ ఒక్కసారి ఏదో నాకు తెలుసు.

1951 మార్చిలో గనిలో మూడో అంతస్తున గ్యాసు అంటుకుంది. ఏడుగురు పోయారు. వాళ్ళలో లిబోరియో ఒకడు. జెస్వాల్దో కూతురికి జ్ఞానస్నానమప్పుడు చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి అతనే. ఆ చుట్టరికం మా దగ్గర తోడబుట్టినదానికంటే గట్టిది. అలాంటివాళ్ళు ఒకరినొకరు కుంపారి అని, ఆడవాళ్ళనైతే కుమ్మారి అని పిలుచుకుంటారు. ఆ పొద్దున దీపం మంట నీలంగా మారిందని, గ్యాసు ఉందని లిబోరియో చెబితే, ఆ సంగతి మేస్త్రీ డోన్ కలిస్తోకి చెప్పి రావడానికి జెస్వాల్దో పైకి వెళ్ళాడు. మేస్త్రీ విని, ఈ బండి నిండాక చూద్దాంలే అన్నాడట. జెస్వాల్దో తిరిగి దిగేలోపే పేలింది. అలా బతికిపోయాడు.

విచారణ మా ఊళ్ళోనే జరిగింది. సాక్షి అతనొక్కడే. వాంగ్మూలం రాసుకున్న గుమాస్తా ఉత్తరాదివాడు, సిసిలీ మాట చెవిన పడటం అదే మొదలు. జెస్వాల్దో తన మాటలో చెప్పాడు, గుమాస్తా ఇటాలియన్‌లోకి మార్చి రాశాడు, రాసింది గబగబా చదివి వినిపించాడు. జెస్వాల్దో తలూపి సంతకం పెట్టాడు. నాలుగు నెలలకి డోన్ కలిస్తో నిర్దోషి అని తీర్పొచ్చింది. పోయినవాళ్ళ భార్యలకి రావలసిన పింఛను రాలేదు. లిబోరియో భార్య క్రోచిఫిస్సా ఆ రోజు నుంచి జెస్వాల్దో ఎదురుపడితే తల తిప్పుకుని ఉమ్మేసి వెళ్ళేది. ఆమె మొగుడు పోయి తాను బతికినందుకే అనుకున్నాడు అతను. తనకి కూడా అది న్యాయంగానే తోచిందని, అందుకే ఎప్పుడూ ఎందుకని అడగలేదని నాతో అన్నాడు.

పరీక్షకి ఆరు వారాలుందనగా, ఇంట్లో ఉన్న కాగితం ఏదైనా తెచ్చి అందులోని క్రియల కింద గీతలు గీయమని, ఒక్కొక్కటీ ఏ రీతి, ఏ కాలమో చెప్పమని అందరికీ చెప్పాను. ఒకరు నూనె డబ్బా మీది చీటీ తెచ్చారు. బాస్త్యానో పన్ను నోటీసు తెచ్చాడు. జెస్వాల్దో తన వాంగ్మూలం నకలు తెచ్చాడు. విచారణ ముగిశాక అతనికి ఇచ్చి పంపిన కాగితం అది. ఎనిమిదేళ్ళుగా పెట్టెలో పడుంది. తన మాటలు అచ్చులో ఎలా ఉన్నాయో చూసుకోవాలని ముచ్చటపడ్డాడు.

నిలబడి చదివాడు. వేలు పెట్టి, ఒక్కో క్రియ దగ్గరా ఆగి, ఇది దూరపు భూతకాలం, ఇది అసంపూర్ణం అని సరిగ్గానే చెబుతూ వచ్చాడు. చివరి పేరాలో ఆగాడు. మళ్ళీ మొదటినుంచి ఆ వాక్యం చదివాడు.

"పంతులమ్మగారూ, ఇది ఏ రీతి?"

నేను వెళ్ళి చూశాను. జరిగిపోయినదాన్ని జరిగినట్టు చెప్పే రీతి అన్నాను.

"ఇది నేనన్న మాట కాదు. నేను 'డోన్ కలిస్తో వాళ్ళని పైకి రమ్మనాల్సింది' అన్నాను. ఇక్కడ 'పైకి రమ్మన్నాడు' అనుంది."

మా మాటలో ఆ 'రమ్మనాల్సింది' అనే రూపం ఇటాలియన్‌లో అలాగే ఉండదు, వేరే రీతిలో చెప్పాలి. గుమాస్తా తెలియక మార్చాడో, తెలిసే మార్చాడో నాకు ఈనాటికీ తెలియదు. కాగితం మీద మాత్రం మేస్త్రీ రమ్మన్నాడు, కూలీలు వినలేదు, తమ చావు తామే తెచ్చుకున్నారు. అలా చెప్పింది వాళ్ళతో పనిచేసిన మనిషే. కింద సంతకం ఉంది.

జెస్వాల్దో కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల దాచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పెళ్ళినాటి కోటు వేసుకుని బస్సెక్కి జిల్లా కోర్టుకి వెళ్ళాడు. తోడు వస్తానని నేనూ వెళ్ళాను. అక్కడి అధికారి కాగితం చూసి, కేసు ముగిసిపోయింది, ఇక తెరవడానికి వీల్లేదన్నాడు. జెస్వాల్దో నిలువునా నిలబడి, నేను నేర్పిన ఇటాలియన్‌లో, ఒక్క తప్పు లేకుండా, మేస్త్రీ వాళ్ళని పైకి రమ్మని ఉండవలసింది, అలా అనలేదు, అని చెప్పాడు. అధికారి కళ్ళజోడు తీశాడు.

"అలాగైతే అప్పుడు ప్రమాణం చేసి అబద్ధం చెప్పారన్నమాట. దానికి జైలుంది, తెలుసా?"

"రాసుకోండి. జైలే రాసుకోండి."

అధికారి రాసుకోలేదు. ఇంటికి పొమ్మన్నాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు జెస్వాల్దో దగ్గుతూ, వాళ్ళకి నా తప్పు కూడా అక్కర్లేదు అన్నాడు.

ఆ ఆదివారం పూజ ముగిశాక క్రోచిఫిస్సా ఇంటికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు, కాగితం చదివి చెప్పడానికి చదువుకున్న సాక్షి ఉంటే ఆమె నమ్ముతుందని. ఆమె గుమ్మంలో కూర్చుని శనగలు ఏరుతోంది. లేవలేదు. లోపలికి రమ్మనలేదు. జెస్వాల్దో అంతా చెప్పాడు. నేను ఆ వాక్యం చదివి, రెండు మాటలకీ తేడా చెప్పాను. ఆమె చేటలోంచి చెయ్యి తీయకుండా విన్నది.

"అంటే నీకు అర్థం కాలేదంటావు."

"కాలేదు, కుమ్మారి."

"నన్నలా పిలవకు. అర్థం కానివాడివి సంతకమెందుకు పెట్టావు?"

"ఆయన చదువుతున్నాడు. అందరూ నా వంకే చూస్తున్నారు. మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గేసింది."

ఆమె చేట కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ నువ్వు లంచం తిన్నావనుకున్నాను" అంది. "దాన్ని తట్టుకున్నాను. ఆకలికి తిన్నాడులే, వాడికీ పిల్లలున్నారు అనుకునేదాన్ని. సిగ్గుకి చేశావా? నీ సిగ్గుకి నా కొడుకు పదహారేళ్ళకి బెల్జియంలో బొగ్గు గనిలో దిగాడా?"

చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు చర్చి అరుగు మీద జెస్వాల్దో కూలబడిపోయాడు. నా వంక చూసి, మీరు నేర్పకపోయుంటే ఇది నాకు తెలిసేదే కాదు, మీ రుణం ఎలా తీర్చుకోను అన్నాడు. నేను పైకి లేచి, ఇంటికి పోదామన్నాను.

పరీక్ష పాసయ్యాడు. శ్మశానం ఉద్యోగం వచ్చింది. ఊరి కార్యాలయంలో ఎవరైనా సంతకం పెట్టాల్సి వస్తే అతన్ని వెంటబెట్టుకు వెళ్ళడం జనానికి అలవాటైంది. అతను కాగితం మొత్తం చదివి, క్రియ దగ్గర ఆగి, నువ్వన్నది ఇదేనా అని అడిగి, అవునంటేనే కలం అందించేవాడు. గుమాస్తాలు విసుక్కునేవారు. బాస్త్యానో అతనికి వకీలు అని పేరుపెట్టాడు. అలా నాలుగేళ్ళు నడిచింది. 1963 శరత్కాలంలో ఊపిరాడక పోయాడు. క్రోచిఫిస్సా శవయాత్రకి రాలేదు.

మరుసటి ఏడాది ఆమె కొడుకు దగ్గరికి బెల్జియం వెళ్ళిపోతోందని తెలిసి ఆమె ఇంటికి వెళ్ళాను. సామాను మూటలు కట్టి ఉన్నాయి. జెస్వాల్దోకి చెప్పలేని సంగతి ఆమెకి చెప్పాను. విచారణరోజు పొద్దున, సిసిలీ మాట తెలిసిన చదువుకున్నవాళ్ళు ఎవరైనా గుమాస్తా పక్కన కూర్చోవాలని నా కోసం కబురొచ్చింది. మా తమ్ముడు అప్పుడు గని కార్యాలయంలో తూకం గుమాస్తా. గనివాళ్ళకి కోపం వస్తుందేమోనని మా నాన్న భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. జ్వరమని చెప్పి పంపాను. నాకు జ్వరం లేదు.

ఆమె మూట ముడి బిగిస్తూనే విన్నది.

"జెస్వాల్దోకి చెప్పారా?"

"లేదు."

"రెండు చలికాలాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పారు. చెప్పలేదా?"

"లేదు."

"అయితే నాకెందుకు చెబుతున్నారు? నేనేం చేసుకోను?" అంది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసి, మూట నెత్తికెత్తుకుని, నేను గుమ్మానికి అడ్డంగా ఉన్నానని పక్కకి జరగమంది. జరిగాను. ఆమె వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.