మామ్మగారు కొట్టించిన గోడ

మొన్న ఆదివారం పొద్దున్న పాల ప్యాకెట్టు ఇద్దామని మేడెక్కి తలుపు తట్టాను. మామ్మగారు పలకలేదు. నిద్రలోనే పోయారని డాక్టరుగారు చెప్పారు. మేం ఆవిడ ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటున్నవాళ్లం. ఇల్లు ఖాళీ అయినట్టు లేదు, వెన్ను విరిగినట్టుంది.

పరామర్శకు వచ్చినవాళ్లు "పాపం, మెత్తటి మనిషి" అంటున్నారు. నేనొప్పుకోను. మెట్ల మీద చెప్పులు విడిస్తే కిందికి విసిరేసేవారు. ప్రహరీ గోడ దగ్గర జానెడు స్థలం కోసం పక్కింటి మాస్టారితో తగువుపడి, ఏళ్ల తరబడి పలకరింపు మానేశారు. అంత మొండి మనిషి కాబట్టే బుడమేరు వాగు పొంగి ఊరు మునిగిన ఏడాది మా వీధి నిలబడింది.

ఆ రోజు మేం లేచేసరికి మంచం కోళ్లు నీళ్లలో ఉన్నాయి. పిల్లల్ని ఎత్తుకుని మేడ మీదికి పరిగెత్తాం. మామ్మగారు తలుపులు బార్లా తీసి, వీధిలో మేడ లేనివాళ్లందర్నీ పేరుపేరునా కేకేస్తున్నారు. అంతలో పక్కింట్లోంచి మాస్టారి భార్య ఏడుపు వినిపించింది. పక్షవాతంతో ఆయన మంచం మీదే ఉన్నారు. వీధిలోంచి తెద్దామంటే గేటు దగ్గర నీళ్ల ఉరవడికి మనిషి నిలబడలేడు. మిగిలింది రెండిళ్ల మధ్య సందు. అక్కడ ఆ గోడ.

మామ్మగారు పిట్టగోడ మీంచి వంగి మా వారిని పిలిచారు.

"అబ్బాయ్, గునపం తీసుకుని ఆ గోడ కొట్టెయ్."

"మీ గోడండీ మామ్మగారూ..."

"నాది కాబట్టే కొట్టమంటున్నా. చూస్తావేంటి?"

మా వారూ, మేడెక్కిన మగవాళ్లూ కలిసి నీళ్లమట్టం దాకా ఇటుకలు ఊడగొట్టారు. మాస్టారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని తలల మీదికి ఎత్తి దాటించారు. పైకి తెచ్చాక ఆయన భార్య మామ్మగారి చేతులు పట్టుకుని భోరుమంది.

"ఏడుపు తర్వాత. ముందు ఆయనకి పొడి చొక్కా తొడుగు. మా వారివి బీరువాలో ఉన్నాయి," అన్నారు మామ్మగారు.

ఎవరింట్లో ఏది తడవకుండా మిగిలితే అది మేడ మీదికి చేరింది. డాబా మీద టార్పాలిన్ కట్టి అందరికీ కలిపి వండాం. సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి సాయానికి వచ్చిన పడవవాళ్లు మా మెట్ల దగ్గర ఆగి, "పెద్దవాళ్లు ముందు ఎక్కండమ్మా" అన్నారు.

"పెద్దదాన్ని కాబట్టే చెబుతున్నా," అన్నారు మామ్మగారు. "వెనక వీధిలో అన్నీ రేకుల ఇళ్లు. వాళ్లకి ఎక్కడానికి మేడల్లేవు. ముందు అటు పోనివ్వండి."

పడవ అటే వెళ్లింది. వాళ్లందర్నీ మా మేడకే తెచ్చింది. పడుకునే చోటు లేక కూర్చునే కునుకు తీశాం. ఎవరూ విసుక్కోలేదు.

నీళ్లు తగ్గాక మా వారు ఆటోనగర్ నుంచి మోటారు తెచ్చి ఇల్లిల్లూ తిరిగి మిగిలిన నీళ్లు తోడారు. కంకిపాడు దగ్గర నుంచి మామ్మగారి మరిది బియ్యం, కూరగాయలు ట్రాక్టరులో పంపారు. అయినా బురదలో నానిన పరుపుల్ని చూసి ఇక ఇక్కడ ఉండలేమనుకున్నాను. గుణదల కొండ వైపు మారిపోతామని చెప్పాను.

మామ్మగారు చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, చీపురు నా చేతిలో పెట్టారు. "నీళ్లు చూసిపోవడానికి వచ్చాయి. మనం ఉండటానికి వచ్చాం. ఊడువు."

ఊడ్చాను. ఇక్కడే ఉన్నాం. మా వీధిలో ఒక్క కుటుంబమూ కదల్లేదు.

తర్వాత ఒకరోజు మాస్టారు, మాట ఇంకా ముద్దగానే ఉంది, "గోడ నేను కట్టిస్తానండీ" అన్నారు.

"కట్టించండి. ఈసారి జానెడు ఇటు జరిగారంటే మాత్రం ఊరుకోను."

ఆయన పడీపడీ నవ్వారు. ఆ గోడ ఎవరూ కట్టలేదు.

నాకు మాత్రం బురద ఎత్తిన మర్నాటి పొద్దు కళ్లముందు నుంచి పోవడం లేదు. వీధి పొడుగునా తడిసిన బీరువాలు, ఉబ్బిపోయిన తలుపులు. వాటి మధ్య మామ్మగారు గుమ్మం ముందు వంగి ముగ్గు వేస్తున్నారు. నేల ఇంకా చెమ్మ ఆరలేదు. గీసిన గీత గీసినట్టే కరిగిపోతోంది. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని దానికేసి ఒక్కసారి కోపంగా చూసి, మళ్లీ వంగారు. చుక్క పెట్టారు.